ఆ ఇద్దర్నీ నునుపు చెయ్యొద్దు

నమోదు 61. ఎండ.

ఈ ఉదయం చదివిన బొమ్మల కథలో, అదే మాంగాలో, హీరో వానలో తడుస్తూ హీరోయిన్ ఇంటి ముందు నిలబడ్డాడు. నిన్నటి దాంట్లోనూ నిలబడ్డాడు. అతను వేరే హీరో, అది వేరే వాన, నిలబడటం మాత్రం అదే. నా మణికట్టు పట్టీ ఆకుపచ్చగా వెలిగింది. అంటే నాకు నచ్చిందన్నమాట. నాకు నచ్చిన సంగతి నాకంటే ముందు దానికే తెలుస్తుంది.

ఓడలన్నీ గొలుసులతో కట్టిన మా గొలుసూరులో ప్రేమ మాంగాలకు తీర్పు చెప్పేవాళ్ళం ముగ్గురం. ఏడో ఓడలో ఒకప్పటి కెప్టెన్ గదిని మూడు అరలుగా చీల్చి తలో అరా ఇచ్చారు. దెయ్యాల కథలూ యుద్ధాల కథలూ పక్క గదివాళ్ళు చూస్తారు. వాటికి ఇంత పట్టింపు లేదు. దెయ్యం ఎంత చెడ్డదైనా ఫర్వాలేదు, ప్రేమించుకునేవాళ్ళు మాత్రం మంచివాళ్ళయి ఉండాలి. రెండో అధ్యాయం అయ్యేసరికి మా పట్టీలు ఎర్రబడితే ఆ పుస్తకం కింది అంతస్తులోని నునుపు గదికి వెళ్ళిపోతుంది. అక్కడి యంత్రం హీరోయిన్ కనుబొమల ముడి విప్పుతుంది, హీరో చేత క్షమాపణ చెప్పిస్తుంది, పుస్తకం మొత్తం తన చేత్తో తిరిగి గీస్తుంది. అసలు పేజీల్ని తొట్టెలో నాచుతో కలిపి నానబెట్టి కొత్త కాగితం చేస్తారు. కాగితానికి కరువు కదా, ఏదీ పారేయరు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కరెంటు పుట్టించే ఎండ పలకల మీది ఉప్పు గోకి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఏటే పైడీ, ఆ మొకమేటి? ఇయేళ కూడా పెళ్ళి అయిపోనాదా?"

"రెండు పెళ్ళిళ్ళు అయ్యాయమ్మా."

"మరేటి నీ బాధ? కాలేజీ సదువు సదివి, నీడన కూకుని, బొమ్మల పుస్తకాలు సూడమంటే ఏడుపేటి? రా, వొచ్చి ఈ గోకుడు సెయ్యి. అప్పుడు తెలుస్తాది."

గోకుడే నయమేమో అని నాకు నిజంగానే అనిపిస్తోంది. గోకితే కనీసం ఉప్పు రాలుతుంది.

నమోదు 62. ఎండ.

ఇవాళ పట్టీ ఎర్రబడింది. మామూలు ఎరుపు కూడా కాదు, పొయ్యిలో బొగ్గు రంగు.

పుస్తకం పేరు 'నీళ్ళ వరస'. గీసింది పదో ఓడ మరియరాణి. ఇదివరకు ఆవిడవి ఏవీ చదవలేదు. హీరోయిన్ తారక చెల్లెలి నిశ్చితార్థానికి వచ్చిన మగపెళ్ళివారికి మంచినీళ్ళు అందిస్తూ, "మా చెల్లి గురక పెడుతుంది, ముందే చెప్తున్నా, తర్వాత మమ్మల్ని అనొద్దు" అంటుంది. ఎందుకంటావా? చెల్లెలికి కొత్త చీర కొన్నారు, తనకు కొనలేదు. అంతే. వేరే కారణం లేదు, ఉండాలని గీసినావిడ అనుకోలేదు.

హీరో కామేశం అంతకంటే ఘనుడు. మంచినీళ్ళ వరసలో ముందుకు పోవడానికి కాలికి కట్టు కట్టుకుని కుంటుతాడు. జనం జాలిపడి దారిస్తారు. వరసలో వెనక నిలబడ్డ తారక అతన్నే చూస్తుంది. నిన్న ఆ కట్టు ఎడమ కాలికి ఉంది, ఇవాళ కుడి కాలికి ఉంది. ఇలాంటిచోట మామూలు హీరోయిన్ ఏం చేస్తుంది? అరిచి పట్టిస్తుంది, లేదా జాలిపడి మారుస్తుంది. తారక గబగబా ముందుకెళ్ళి అతని భుజం పట్టుకుని, "దారివ్వండమ్మా, మా ఆయనకి కాలు విరిగింది" అంటూ తన రెండు బిందెలు కూడా నింపేసుకుంటుంది. అతను బిత్తరపోయి చూస్తాడు. ఆమె అతని చెవిలో, "రేపైనా ఏ కాలో గుర్తుపెట్టుకో" అంటుంది. రెండో అధ్యాయం అక్కడితో అయిపోతుంది.

వాళ్ళ వెనక ఒక ముసలమ్మ ఖాళీ బిందెతో నిలబడి ఉన్నట్టు కూడా గీశారు. ఆవిడ వంక ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా చూడరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం మూసేశాను. నీళ్ళు తాగొచ్చి మళ్ళీ తెరిచాను. రెండో అధ్యాయం దాటి చదవకూడదని ఎక్కడా లేదు. ఎవరూ చదవరు, అంతే. నేను చివరిదాకా చదివాను. పట్టీ ఒక్కసారైనా ఆకుపచ్చ కాలేదు. భోజనం గంట కూడా నాకు వినపడలేదు.

వాళ్ళు చివరికి మంచివాళ్ళవుతారేమోనని చూశాను. అవ్వరు. ఒకళ్ళ ముందు ఒకళ్ళు మంచివాళ్ళలా నటించడం మానేస్తారు, అంతే. పట్టీకి దాన్ని కొలిచే రంగు లేదు.

నమోదు 63. ఎండ.

తీర్పుల బల్ల దగ్గర అధ్యక్షులు గౌరీపతి గారు నా ముందు బెల్లం టీ పెట్టారు. ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఈ నమోదు రాయడం సులువుగా ఉండేది.

"మూడు పట్టీలూ ఎరుపేనమ్మా. ఇంక మాట్లాడుకునేదేముంది? నునుపుకి పంపిద్దాం."

"వద్దండీ."

"నీకు నచ్చిందా?"

"లేదండీ. ఆ ఇద్దర్నీ చూస్తే అసహ్యం."

"మరి?"

"అసహ్యం వేస్తే చెరిపెయ్యాలని ఎక్కడుంది?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "పదకొండు ఓడల్ని గొలుసులతో కట్టుకుని బతుకుతున్నాం. నా గోడ అవతల దగ్గితే నాకు వినపడుతుంది. ఇంత ఇరుకులో జనం ఒకళ్ళనొకళ్ళు భరించాలంటే కళ్ళముందు మంచి జంటలు ఉండాలి. అబద్ధాలాడి నీళ్ళు కొట్టేసేవాళ్ళని హీరోలు చేస్తే రేపు మన వరసలో ఎంతమంది కుంటుతారో ఆలోచించావా?"

"ఇప్పుడు కుంటడం లేదంటారా?"

మూడో న్యాయనిర్ణేత వరహాలమ్మ గారు గట్టిగా గాజులు సవరించుకున్నారు. ఆవిడ నాకు కాలేజీలో లెక్కలు చెప్పారు. "పైడిశ్రీ, అతితెలివి వద్దు. ఆ తారకని చెంప పగలగొట్టాలనిపించింది నాకు. వాడికి జ్వరం వచ్చి పడుంటే వాడి వాటా రొట్టె వాడి ఎదురుగానే కూర్చుని తింటుందా? పైగా 'నీకెలాగూ నోరు చేదు కదా' అంటుందా!"

"ఆ రొట్టె ఏ అధ్యాయంలో వస్తుందండీ?"

రొట్టె ఆరో అధ్యాయంలో ఉంది.

గౌరీపతి గారు ఆవిడ వంక చూశారు. ఆవిడ కిటికీలోంచి సముద్రం వంక చూశారు. సముద్రంలో చూడటానికేమీ లేదు.

"రెండో చదువు కావాలండీ" అన్నాను. ఏ న్యాయనిర్ణేత అయినా అడగొచ్చు, అడిగితే ఇవ్వాలి. అది జరిగేదాకా పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"సరేనమ్మా" అన్నారాయన. "టీ తాగు, చల్లారిపోతోంది."

నమోదు 65. పలచని మబ్బు.

మరియరాణిని చూడటానికి పదో ఓడకి వెళ్ళాను. మెచ్చుకుందామనే వెళ్ళాను, కానీ ఆవిడ మెచ్చుకోనిచ్చే మనిషి కాదు. గొలుసు మోకులు అల్లే చోట ముక్కాలి పీట మీద కూర్చుని, నోట్లో దారం పెట్టుకుని పనిచేస్తోంది. నా మణికట్టు వంక చూసి దారం ఉమ్మేసింది.

"పట్టీ గుంటవా? నా పుస్తకాన్ని ఎప్పుడు నానేస్తన్నారు?"

"ఇంకా నానెయ్యలేదక్కా. రెండో చదువు అడిగాను."

"ఎందుకు? నచ్చేరా వాలిద్దరూ?"

"లేదు."

"నాకూ నచ్చరు" అంది. "ఆ కామేశం గాడి మొకం గియ్యాలంటే పొద్దున్నే సిరాకు. మరెందుకొచ్చేవు?"

అన్నీ ఆకుపచ్చగా ఉన్న పుస్తకాల్లో ఒక్కటి కూడా మర్నాటికి గుర్తుండదని చెప్పాను. తారకతో మనసులో ఇంకా పోట్లాడుతున్నానని చెప్పాను. నిన్న వంట చేస్తూ పైకే తిట్టానని, అమ్మ తననే అనుకుని గరిటె విసిరిందని చెప్పాను.

అప్పుడు నవ్వింది. పళ్ళు అన్నీ కనపడేలా, కొంచెం కూడా మర్యాద లేని నవ్వు.

"నునుపు చేసినా మళ్ళీ గీసుకోవచ్చు కదక్కా?" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అనేశాకగానీ తెలియలేదు.

ఆవిడ కుడి చెయ్యి నా ముఖం ముందు చాపింది. మోకు రాపిడికి వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. మూడు వేళ్ళు సగానికే ముడుచుకుంటున్నాయి. "ఆఖరి పేజీలు గీసినప్పుడే కలం ఈ రెండు వేళ్ళ సందున ఇరికించి కట్టేరు. మరింక గియ్యను. గియ్యలేను. ఇదొక్కటే ఉంది. ఆ పేజీలు నానేస్తే తారకా నేదు, కామేశమూ నేదు, ఇంక నానూ నేనట్టే."

మళ్ళీ దారం నోట్లో పెట్టుకుంది. "ఇంక పో. నా పని పాడవుతంది."

టీ ఇవ్వలేదు. కూర్చోమనలేదు. వెనక్కి వస్తుంటే పడవ తాడు కూడా నేనే విప్పుకున్నాను. ఆవిడ కూడా నాకు నచ్చలేదు. ఆవిడ పేజీ ఒక్కటి కూడా తొట్టెలో పడనివ్వను.

నమోదు 67. మబ్బు.

తూర్పున ఆకాశం మూసుకుపోయింది. ఎండ పలకల మీద ఉప్పు లేకపోయినా లాభం లేదని అమ్మ గోకుడు కర్ర మూలన పెట్టేసింది. రేపు నోటి రోజు అని సాయంత్రం కేక వేశారు.

నోటి రోజంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. బ్యాటరీల్లో మిగిలిందంతా మంచినీళ్ళ యంత్రానికే ఇచ్చి మిగతావన్నీ ఆపేస్తారు. చేపల బేరాలు నోటితో, బడిలో పరీక్షలు నోటితో, తగాదాల తీర్పులు నోటితో. ఆ రోజు డెక్కు మీద పదిమంది మధ్య అన్నమాట రాతతో సమానం. పట్టీ ఆ రోజు ఉత్త తోలుముక్క.

గౌరీపతి గారి దగ్గరికి పరిగెత్తాను. "రెండో చదువు రేపు పెట్టించండి. డెక్కు మీద, అందరి ముందూ పైకి చదువుతాను."

ఆయన ఎంత సంతోషంగా ఒప్పుకున్నారంటే నాకు భయం వేసింది. "మంచి ఆలోచనమ్మా. నా మాట నీకు నమ్మకం లేదు, జనం మాట వింటావు. చివర్న నచ్చారా అని నేనే అడుగుతాను. అడిగేదాకా ఎవరైనా ఉంటే! రెండో అధ్యాయానికి డెక్కు ఖాళీ అవుతుంది చూడు. అప్పుడు నీ మనసు కూడా తేలికపడుతుంది."

నా మనసు తేలికపడాలని ఆయన నిజంగానే కోరుకుంటున్నారు. అదే నాకు పడదు.

నమోదు 68. మబ్బు. నోటి రోజు.

పొద్దున్నే ఏడో ఓడ డెక్కు నిండిపోయింది. నా చదువు మీద మోజుతో కాదు. యంత్రాలు ఆగితే ఇళ్ళల్లో ఉక్క. అమ్మ ముందు వరసలో చాప పరుచుకుంది. ఆవిడ పక్కన ఎనిమిదో ఓడ పోలమ్మ అవ్వ. వరహాలమ్మ గారు చేతిసంచీతో సహా వచ్చి కుర్చీ వేయించుకున్నారు. మరియరాణి కొంచెం దూరంగా గొలుసు దిమ్మ మీద కూర్చుని ఎవరివంకా చూడలేదు.

మాంగాని పైకి చదవడం తేలిక కాదు. మాటలు నేను చదవాలి, బొమ్మలు వాళ్ళు చూడాలి. అందుకని నోటి రోజు పద్ధతిలోనే, పుస్తకం దారం విప్పి, చదివిన పేజీని ముందు వరసకి ఇస్తాను. వాళ్ళు చూసి వెనక్కి అందిస్తారు. పేజీలు చేతులు మారుతూ వెనక వరసకి చేరతాయి.

గురక మాట దగ్గరే మొదలైంది.

"ఓలమ్మో! సొంత సెల్లెలి మీద అలగంటాదా? దీని నోరు పడ!"

"ఆ చీరేదో దీనికీ కొని ఉంటే పోయేది కదా. తల్లిదే తప్పు."

"తల్లిదేటి తప్పు? నీకు ముగ్గురు కూతుళ్ళు, ముగ్గురికీ కొంటన్నావేటి?"

"నా ఇంటి ఊసు నీకెందుకే?"

కుంటుడు దగ్గరికి వచ్చేసరికి నేను చదవడం ఆపాల్సి వచ్చింది. ఒక వరస మొత్తం లేచి నిలబడింది. వెళ్ళిపోతున్నారనుకున్నాను. గౌరీపతి గారు కూడా అదే అనుకుని ముందుకి వంగారు. వాళ్ళు లేచింది బొమ్మలో కట్టు ఏ కాలికుందో చూడటానికి.

"ఎడమ కాలే! నిన్న ఎడమే!"

"కాదు బావా, పేజీ తిన్నగా పట్టుకో."

"అచ్చం మా ఆయన లాగే ఉన్నాడు సచ్చినోడు" అంది ఎవరో, ఆ ఆయన పక్కనే ఉన్నాడు.

రెండో అధ్యాయం అయిపోయింది. నేను కావాలనే ఆగాను. నీళ్ళు తాగాను. డెక్కు అంతా నన్నే చూస్తోంది.

"ఏటే, ఆగిపోనావు?" అంది అమ్మ. "ఆ బిందెతో ఉన్న ముసిల్దానికి నీళ్ళు దొరికేయా నేదా?"

"దొరకలేదమ్మా."

"సూసేవా ఆళ్ళ పాపం! సదువు, సదువు."

చదివాను. తిట్లు తగ్గలేదు, మనుషులూ తగ్గలేదు. రొట్టె దగ్గర పోలమ్మ అవ్వ చేతిలోని విసనకర్రతో పేజీని కొట్టింది. తారక పెళ్ళికి సరేనన్న రోజున కామేశం "ముందు నీ బిందెలెన్నో చెప్పు" అని అడిగితే మగాళ్ళు సిగ్గుపడ్డట్టు నవ్వారు. ఒకచోట కామేశం ఇంట్లో ఎవరూ లేరనుకుని ఏడుస్తాడు. తారక తలుపు దగ్గర నిలబడి చూస్తుంది, ఓదార్చదు, వెళ్ళి పక్కన కూర్చుని అతని చొక్కాతో తన ముక్కు తుడుచుకుంటుంది. ఆ పేజీ ముందు వరస దాటడానికి చాలాసేపు పట్టింది. దాన్ని ఎవరూ తిట్టలేదు. నా గొంతు రాసుకుపోయింది, వరహాలమ్మ గారు తన సీసా నీళ్ళు నాకిచ్చారు.

చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. పేజీలు తడవకుండా చీర కొంగుల కిందా చొక్కాల కిందా దాచుకుంటూ అందించుకున్నారు. చివరి పేజీలో ఆ ఇద్దరూ ముసలివాళ్ళు. ఒకటే గొడుగు. ఎవరు పట్టుకోవాలా అని పోట్లాడుకుంటూ గొడుగు తెరవకుండానే ఇద్దరూ తడిసి ఇంటికి చేరతారు.

"అయిపోయింది" అన్నాను. ఆ పేజీ ఎవరికీ అందించలేదు. నా చేతిలోనే ఉంచుకున్నాను.

గౌరీపతి గారు లేచి నిలబడ్డారు. అడగాల్సిన మాట అడిగారు. "ఈ జంట మీకు నచ్చిందా?"

"నేదు!" అంది డెక్కు మొత్తం. గొలుసులు కదిలాయేమో అనిపించింది. "ఛీ! నచ్చడమేటి, వాలిద్దర్నీ సముద్రంలో తొయ్యాల!"

"నోటి మాట తీర్పు" అన్నారాయన. గెలిచిన సంతోషం ఆయన గొంతులో లేదు. "విన్నావు కదమ్మా. నునుపుకి పంపుతున్నాం."

"ఎవరైనా లేచారా అండీ?"

"ఏమిటి?"

"పొద్దున్నుంచి కూర్చున్నారు. వాన పడుతోంది. ఒక్కళ్ళు లేచారా?"

"లేవడం గురించి నియమం లేదు పైడిశ్రీ. నచ్చడం గురించి ఉంది."

"అయితే నియమం తప్పు."

మరియరాణి మొదటిసారి నా వంక చూసింది.

"నియమం తప్పో ఒప్పో రేపు ఎండ వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారాయన మెల్లగా. "అప్పటికి నీ కుర్చీ ఉంటుందని మాత్రం చెప్పలేను."

పట్టీ విప్పి ఆయన చేతిలో పెట్టాను. తడిసిన తోలు మణికట్టుకి అతుక్కుని ఉంది, ఊడబెరకాల్సి వచ్చింది. "రేపటిదాకా ఎందుకండీ."

ఆయన దాన్ని జేబులో వేసుకుని జనం వైపు తిరిగారు. "పేజీలు ముందుకి పంపించండమ్మా. నానబెట్టాలి."

నానబెట్టాలి అన్నమాట చాలామంది అంతవరకూ వినలేదు. వరసల్లో చిన్న గుసగుస పాకింది. తర్వాత అందరూ ఒక్కసారిగా చాలా అమాయకంగా తయారయ్యారు.

"వెనక వరస! పేజీలు మీ దగ్గరికేగా చేరింది?"

"మా కాడికేటి రానేదు బాబూ. ముందోలే ఉంచీసుకున్నారు."

"మేమెక్కడ ఉంచీసుకున్నాం? వెనక్కి ఇచ్చీసేం!"

"అవ్వా, మీ దగ్గరేమైనా ఉందా?"

పోలమ్మ అవ్వ విసనకర్ర గుండెలకి అదుముకుంది. "ఏ పేజీలు నాయినా? నాకు కళ్ళు అగుపడవు." తారక కనుబొమలు సరిగ్గా కలవలేదని ఇందాక వంక పెట్టింది ఈవిడే.

ఒకాయన లేవమంటే కాలు పట్టేసిందన్నాడు. ఏ కాలని ఎవరో అడిగితే రెండూ అన్నాడు. మా అమ్మ చాప మీద ఇంకొంచెం బరువుగా సర్దుకుని కూర్చుంది. "నా కూతురి మీద ఒట్టు బాబూ, నాకాడ ఒక్క కాయితం ముక్క నేదు" అంది, కూతురి కళ్ళలోకి చూస్తూనే. చాప అంచు కింద కామేశం పాదం ఒకటి కనిపిస్తోంది.

గౌరీపతి గారు చివరికి వరహాలమ్మ గారి దగ్గరికి వెళ్ళారు. "మీరైనా చెప్పండి టీచర్ గారూ."

ఆవిడ చేతిసంచీ జిప్పు పూర్తిగా లాగి, రెండు చేతులూ దానిమీద పెట్టుకున్నారు. "నేను నిద్రపోయానండీ" అన్నారు. "ఏమీ చూడలేదు."

దిమ్మ మీద మరియరాణి తల తిప్పేసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఇంతదూరానికి తెలియడం లేదు. "నా బొమ్మలకి చేపల నూనె అంటిందంటే ఒక్కొక్కర్ని సంపుతాను" అన్నమాట మాత్రం వినపడింది.

ఆయన నా దగ్గరికి వచ్చారు. కళ్ళజోడు మీద వాన చుక్కలు. "వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వు చదువుకున్నదానివి, అబద్ధం ఆడవు. పేజీలు ఏమయ్యాయి పైడిశ్రీ?"

ఆఖరి పేజీ నా జాకెట్టు లోపల, పక్కటెముకలకి అంటుకుని చల్లగా ఉంది.

"గాలికి కొట్టుకుపోయాయండీ."

ఆయన జెండా కర్ర వంక చూశారు. జెండా తడిసి కర్రకి వేలాడుతోంది. వాన చుక్కలు తిన్నగా, గీత గీసినట్టు పడుతున్నాయి.

"గాలెక్కడుందమ్మా?"

"ఇప్పుడే ఆగిపోయిందండీ" అన్నాను.